ముడతపడని అక్షరాలు

ఇటు జరిగి కూర్చో పిల్లా, పొయ్యి దగ్గరికి. ఆ అల్లిక పక్కన పెట్టు. కుట్లు లెక్కపెట్టుకుంటూ మధ్యలో "ఏమన్నావు నాన్నమ్మా" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మలాకీ గీగన్‌ను ఉరికంబం దాకా నడిపించబోయిన సిగరెట్టు బొమ్మ సంగతి చెబుతాను. ఎవరో చెప్పగా విన్నది కాదు, మా అక్క వెనకాలే ఉండి నేను కళ్ళారా చూసింది.

అప్పట్లో న్యూయార్క్‌లో సిగరెట్టు పెట్టె విప్పితే లోపల చిన్న అట్టముక్క ఉండేది. జేబులో పెట్టె నలగకుండా పెట్టిన అట్ట అది. ఎలాగూ అట్ట పెడుతున్నాం కదా అని కంపెనీలవాళ్ళు దాని మీద బేస్‌బాల్ ఆటగాళ్ళ ఫొటోలు అంటించడం మొదలుపెట్టారు. ఇక చూసుకో, పొగ తాగనివాళ్ళు కూడా పెట్టెలు కొనేవాళ్ళు. మా వీధిలో పాదిరిగారి దగ్గర కూడా ఓ కట్ట ఉండేది, బైబిలు పక్కనే.

మా అక్క డీలియా టాన్సీ. బావ పోయాక ఓ లాయరు దగ్గర సాక్షుల వాకబు చేసే పనికి కుదిరింది. పరాయి మగవాళ్ళతో ఒంటరిగా మాట్లాడితే లోకం ఊరుకోదని నన్ను వెంటేసుకుని తిరిగేది. ఆ లాయరు చేతికి వచ్చిన కేసు ఇది. ఎజ్రా విట్లాక్ అనే ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. సిగరెట్టు కంపెనీకి ఆటగాళ్ళ ఫొటోలన్నీ ఆయన దగ్గరే తీసేవారు. ఓ గురువారం మధ్యాహ్నం తన స్టూడియో పైగదిలోనే ఆయన చచ్చిపడి ఉన్నాడు. తల వెనక బ్యాటు దెబ్బ. కింద వీధి తలుపు దగ్గర కూర్చునే గుమాస్తా, కొత్తవాళ్ళెవరూ పైకి పోలేదని ఒట్టు వేసి చెప్పాడు. అంటే చంపినవాడు పైగదిలో రంగుల తెర వెనక ఉన్న చిన్న తలుపు తీసుకుని, పెరటి మెట్ల మీదుగా వచ్చి పోయాడన్నమాట. ఆ తలుపు ఫొటో దిగడానికి పైకి ఎక్కినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

పోలీసులు గీగన్‌ను పట్టుకున్నారు. వాడు నెవార్క్ జట్టులో, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే మనిషి. తనను అడక్కుండా తన మొహం సిగరెట్లలో పెట్టి అమ్ముకుంటున్నారని ఆ వారం మొదట్లోనే కింద దుకాణంలో విట్లాక్ మీద గొంతు చించుకున్నాడు. వీధంతా విన్నది. వచ్చే సోమవారమే కోర్టు. ఇంట్లో పెళ్ళాం, చంకలో బిడ్డ.

జైలుకు వెళ్ళి చూశాం. కటకటాల గదిలో మా ఎదురుగా వాడు కూర్చుంటే బల్ల చిన్నబోయింది. అంత మనిషీ మెల్లగా, చంటిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడాడు. ఆ స్టూడియోలో తాను ఫొటో దిగిన మాట నిజమే, కానీ అది పోయినేడు, పాత ఇంట్లో ఉండగా. ఈ వసంతంలో విట్లాక్ ఈ కొత్త ఇంటికి మారాక కింద దుకాణం దాటి ఒక్క మెట్టు కూడా ఎక్కలేదన్నాడు. తెర వెనక తలుపు ఉందో కిటికీ ఉందో తనకేం తెలుసన్నాడు.

అక్క జేబులోంచి వాడి బొమ్మే తీసి బల్ల మీద పెట్టింది. పోలీసుల దగ్గరున్న సాక్ష్యం కూడా ఇదే బొమ్మ. గీగన్ గొంతుక్కూర్చుని రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాడు, చేతుల ముందు బంతి. చొక్కా మీద నెవార్క్ అని రాసి ఉంది. నెవార్క్ జట్టులో వాడు చేరిందే ఈ మే నెలలో. మరి ఆ చొక్కాతో ఫొటో ఉందంటే మే తర్వాతే తీసి ఉండాలి. మే తర్వాత తీశారంటే, అప్పటికే విట్లాక్ మారిన ఈ కొత్త ఇంట్లోనే. అంటే వాడు మెట్లెక్కాడు, తలుపు చూశాడు, ఇప్పుడు బొంకుతున్నాడు. పోలీసుల వాదన అది. పైకి చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"నాకూ అర్థం కావట్లేదమ్మా," అన్నాడు గీగన్. "ఆ మొహం నాదే. ఆ చొక్కాతో నేను ఫొటో దిగలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు."

ఫొటో ఎలా తీశారో చెప్పమంది అక్క. కప్పు నుంచి దారం కట్టి బంతిని వేలాడదీశారట. కింద తివాచీ, వెనక పచ్చిక గీసిన తెర. బంతి వచ్చేస్తున్నట్టు చేతులు చాచి, ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చోమన్నారట. తన జన్మలో జారవిడవకుండా పట్టిన బంతి అదొక్కటేనని జట్టువాళ్ళు ఏడాదంతా ఏడిపించారని చెప్పి నవ్వబోయి ఆగిపోయాడు.

అక్క భూతద్దం పెట్టి బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత నా చేతికిచ్చింది.

"చొక్కా చూడవే. ఏమైనా కనిపిస్తోందా?"

"నలిగిపోయి ఉందక్కా. పెళ్ళాం ఇస్త్రీ చెయ్యలేదు," అన్నాను.

"బట్ట నలిగింది. మరి రాత?"

మళ్ళీ చూశాను. గొంతుక్కూర్చున్న మనిషి చొక్కా గుండెల దగ్గర మడతలు మడతలుగా పడింది. ఆ మడతల మీద నెవార్క్ అనే అక్షరాలు మాత్రం బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. బట్ట ముడతపడింది, అక్షరాలు ముడతపడలేదు.

అప్పుడు అక్క గీగన్‌ను చేతులు చూపించమంది. బంతి పట్టేవాళ్ళ చేతులు నువ్వు చూడలేదు పిల్లా, చూస్తే అన్నం సహించదు. వాడి కుడిచేతి నడిమి వేలు మొదట్లో ఒక దిక్కుకు, చివర్లో ఇంకో దిక్కుకు పోయింది. ఎప్పుడు విరిగిందంటే, పోయినేడు ఆల్బనీ జట్టులో ఆడిన ఆఖరి ఆటలో అన్నాడు. బొమ్మలో ఆ వేలు చక్కగా, పెన్సిలులా ఉంది.

అక్క లేచి వాడి భుజం తట్టింది. ఏమీ చెప్పలేదు. ఆశ పెట్టి తీసెయ్యడం ఆవిడకు ఇష్టం ఉండదు.

అక్కడినుంచి తిన్నగా స్టూడియోకు వెళ్ళాం. గీగన్‌ను పట్టుకున్న సార్జెంటు లెమ్యుయెల్ స్ట్రౌడ్, లాయరు కబురు అందుకుని, మా కోసమే పైగదిలో కాచుకుని ఉన్నాడు. ఈ కేసుతో ఇన్‌స్పెక్టరు అవుతాడని అందరూ అనుకుంటున్న రోజులు. అప్పటికే నడక మారింది.

"రండి డీలియమ్మగారూ. చెల్లెల్ని కూడా తెచ్చారే. పిల్లిని ఇంట్లో వదిలేశారా?"

"అది ఎలకల్ని పట్టే పనిలో ఉంది సార్జెంటు గారూ. మీకు పోటీ అవుతుందని తీసుకురాలేదు," అంది అక్క.

గది కప్పంతా గాజు. వెలుతురు పాలలా పోసుకుంటోంది. ఓ పక్క పచ్చిక గీసిన తెర, దాని ముందు తివాచీ. తివాచీ మీద, తెరకు బాగా దగ్గరగా, ఎండిన నెత్తుటి మరక. దానికి ఇవతల, నాలుగడుగులు ముందుకు, దారానికి వేలాడుతూ బంతి. ఇంకా ఇవతల మూడుకాళ్ళ మీద కెమెరా, దాని మీద నల్లగుడ్డ. విట్లాక్ చచ్చిన రోజునుంచి గదికి తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నానని, ఏ వస్తువూ కదల్లేదని స్ట్రౌడ్ గొప్పగా చెప్పాడు.

అక్కడే ఫొటోలు తీసే ఆగస్ట్ ప్రెల్ కూడా ఉన్నాడు. జర్మనీవాడు, బొద్దుగా, మర్యాదగా ఉంటాడు. వేళ్ళు మాత్రం ఫొటోలు కడిగే మందు మరకలతో బొగ్గులా నల్లగా ఉన్నాయి. గీగన్‌కు మే నెలలో ఈ గదిలోనే తానే స్వయంగా ఫొటో తీశానని ప్రమాణం చేసి చెప్పినవాడు ఇతనే. హత్య జరిగేటప్పుడు ఎక్కడున్నావని అక్క అడిగింది. అంతకు ముందే పెరటి మెట్లు దిగి భోజనానికి పోయానన్నాడు. ఆ పొద్దున ఇక్కడ పనేమీ చెయ్యలేదా అంటే, లేదు, ముందురోజు సాయంత్రం బ్యాటు కొట్టేవాళ్ళ ఫొటోలు తీశాక మళ్ళీ కెమెరా ముట్టుకోలేదన్నాడు. వాళ్ళెక్కడ నించున్నారంటే, ఇంకెక్కడ, బంతి పక్కనే అన్నాడు.

అక్క కెమెరా మూత తీసి నల్లగుడ్డ కింద తల దూర్చింది. స్ట్రౌడ్ నవ్వి, పొయ్యిలో రొట్టె కాలిందేమో చూస్తున్నారా అన్నాడు. అక్క కాసేపటికి బయటికి వచ్చి నన్ను చూడమంది.

నేనూ దూరాను. వెనకవైపు గరుకు అద్దం మీద గదంతా తలకిందులుగా వేలాడుతోంది. తివాచీ పైన, గాజు కప్పు కింద. బంతి పొగముద్దలా చెదిరిపోయి ఉంది. తెర దగ్గరున్న మరక మాత్రం, తివాచీ నూలు పోగులు ఎంచుకునేంత స్పష్టంగా ఉంది. అదేమిటో నాకు బోధపడలేదు. అక్క కళ్ళతోనే ఊరుకోమంది.

తర్వాత ప్రెల్‌ను పొగడడం మొదలుపెట్టింది. ఆటగాళ్ళంతా ఇంత నున్నగా ఎలా ఉంటారు, ఒక్కడికీ మొటిమ ఉండదే, బంతి కట్టిన దారం బొమ్మలో కనబడదే అని. మనిషి ఉబ్బిపోయాడు. ఫొటో ముందు గాజు పలక మీద పడుతుందట. అందులో తెలుపంతా నలుపుగా, నలుపంతా తెలుపుగా ఉంటుంది. పలక మీద వార్నిష్ పూసి, ఆ వార్నిష్ మీద సన్నటి కుంచెతో నల్లరంగు వేస్తే దారం మాయం, మొటిమ మాయం. రంగు నీళ్ళలో కలిపిందే కాబట్టి చెయ్యి తప్పినా భయం లేదు, తడిగుడ్డ పెట్టి తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు, అడుగున ఫొటో చెక్కుచెదరదు అన్నాడు. ఆటగాడు మధ్యలో జట్టు మారితే ఏం చేస్తారంటే మాత్రం తడుముకున్నాడు. మళ్ళీ పిలిపించి తీస్తామన్నాడు.

అప్పుడు అక్క స్ట్రౌడ్ వైపు తిరిగి, గీగన్ వేలి సంగతి చెప్పింది. పోయిన శరత్కాలంలో విరిగిన వేలు, మేలో తీశామంటున్న ఫొటోలో తిన్నగా ఎలా ఉందని అడిగింది.

స్ట్రౌడ్ తొణకలేదు. "ఇప్పుడే కదమ్మా ఈయన చెప్పాడు, మొటిమలు తీసేస్తామని. వేలు కూడా సరిచేసి ఉంటాడు. అంతేనా ప్రెల్?"

"అంతేనండి. వంకర వేలుతో సిగరెట్లు ఎవరు కొంటారు?" అన్నాడు ప్రెల్, చాలా తొందరగా.

వేలి సాక్ష్యం ఆ ఒక్క మాటతో పోయింది.  అక్క మాత్రం ఇదే కావాలన్నట్టు తల ఊపింది. అయితే ఆ సరిచేసిన పలక ఒకసారి చూపించండి, చూసి వెళ్ళిపోతాం అంది. ప్రెల్ అది ఎక్కడుందో వెతకాలన్నాడు, రేపు రమ్మన్నాడు. స్ట్రౌడ్‌కు మమ్మల్ని వదిలించుకుంటే చాలు. "తెచ్చి చూపించవయ్యా. ఈవిడ ముచ్చటెందుకు కాదనాలి," అని కసిరాడు. వద్దనడానికి ప్రెల్‌కు దారి లేకపోయింది. పక్క గదిలోకి వెళ్తే స్ట్రౌడ్ కూడా వెంట వెళ్ళాడు. ఇద్దరూ పలకతో తిరిగి వచ్చారు.

అక్క దాన్ని గాజు కప్పు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నల్లటి చొక్కా, నల్లటి మొహం, తెల్లటి కళ్ళు. గీగన్ దెయ్యంలా ఉన్నాడు. అక్క చేతిరుమాలు కుళాయి కింద తడిపింది.

"అది పోలీసుల సాక్ష్యం. ముట్టుకోవద్దు," అన్నాడు స్ట్రౌడ్.

"అడుగున ఫొటో చెక్కుచెదరదని ఆయనే చెప్పాడు కదండీ," అని అక్క ముందు వేలి మీద రుద్దింది. రుమాలు మల్లెపువ్వులా తెల్లగానే ఉంది. వేలు తిన్నగానే ఉంది. ఎవరూ ఏ రంగూ వెయ్యలేదు. దేవుడిచ్చిన వేలు, ఇంకా విరగని వేలు.

స్ట్రౌడ్ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు వద్దనలేదు.

అక్క ఈసారి గుండెల దగ్గర రుద్దింది. రుమాలు నల్లబడింది. నెవార్క్ అనే రాత సూదితో గీకి రాసింది కాబట్టి అలాగే ఉండిపోయింది. దానికి పైన, రంగు పోతున్నకొద్దీ ఇంకో పేరు తేలడం మొదలైంది. ఈ అక్షరాలు చొక్కాతోపాటు వంగాయి, మడతల్లోకి దిగి మళ్ళీ బయటికి వచ్చాయి. బట్ట మీద కుట్టిన అక్షరాలు. ఒక్క మనిషి గుండెల మీద రెండు ఊళ్ళు. అక్క పలకను స్ట్రౌడ్ కళ్ళ ముందుకు జరిపింది, ఆయన పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

ప్రెల్ అడుగు వేసింది కూడా నేను చూడలేదు. పలక అక్క చేతిలోంచి ఎగిరి నేల మీద పడింది. పడిన ముక్కల్ని వాడు మడమతో తొక్కాడు, మెల్లగా, పిండి అయ్యేదాకా. తర్వాత తలెత్తి, చాలా మర్యాదగా, చెయ్యి జారిందన్నాడు. అందులో ఏముందో తాను చూడలేదన్నాడు. ఖైదీ లాయరు దగ్గర కూలికి పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాట కోర్టులో ఎవరు నమ్ముతారని కూడా అన్నాడు.

నిజమే కదా. గీగన్ మెడకూ తాడుకూ మధ్య ఉన్నది ఆ గాజు ముక్క. అదిప్పుడు పొడి. చదివినవాళ్ళలో కోర్టు లెక్కచేసే మనిషి ఒక్క స్ట్రౌడే. ఆయన ఏమీ చూడలేదంటే కేసు ఆయనదే, పదవి ఆయనదే.

అక్క బతిమాలలేదు. "సార్జెంటు గారూ, మీరేం చదివారు?" అంది.

ఆయన కింద గాజుపొడి వైపు చూస్తూ నించున్నాడు. మీసం చివర నోట్లో పెట్టుకుని కొరికాడు. ఆ ఎదురుచూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"ఆల్బనీ," అన్నాడు. "ఆల్బనీ అని చదివాను. కోర్టులోనూ అదే చెబుతాను. పోయినేటి చొక్కా మీద ఈ ఏటి పేరు రాశారు. నేను బొమ్మను నమ్మి మనిషిని జైల్లో పెట్టాను."

 అక్క అప్పుడు కెమెరా దగ్గరికి నడిచి నల్లగుడ్డ మీద చెయ్యి వేసింది.

"ముందురోజు బంతి పక్కన ఫొటోలు తీశాక దీన్ని ముట్టుకోలేదన్నావు ప్రెల్. కెమెరాను ఎంత దూరానికి సరిచేస్తే అంత దూరంలో ఉన్నదే అద్దంలో తేటగా పడుతుంది. నీ మాటే నిజమైతే బంతి స్పష్టంగా కనబడాలి. బంతి మసకగా ఉంది, మరక స్పష్టంగా ఉంది. విట్లాక్‌ను తెర దగ్గర నించోబెట్టి నువ్వు కెమెరా సరిచేసుకున్నావు. ఆయన పడిపోయింది కూడా అక్కడే. ఆయన ఊపిరి పోయేటప్పుడు నీ తల ఈ గుడ్డ కింద ఉంది."

స్ట్రౌడ్ వెళ్ళి తలుపుకు అడ్డంగా నించున్నాడు. ప్రెల్ కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూలబడ్డాడు.

"నేను కొట్టలేదు," అన్నాడు. "గుడ్డ కింద ఉన్నవాడు ఎలా కొడతాడు? అద్దంలో ఆయన తలకిందులుగా నించుని తొందరగా కానియ్యమంటున్నారు. తెర పక్కనుంచి బ్యాటు వచ్చింది. అద్దంలో అది కిందినుంచి పైకి వచ్చిందమ్మా. అది దెబ్బ అని నా బుర్రకు ఎక్కేలోపల ఆయన లేరు."

ఎవరని అడిగాడు స్ట్రౌడ్.  కొట్టింది ఎలిఫలెట్ రస్క్ అన్నాడు ప్రెల్. సిగరెట్టు కంపెనీ తరఫున బొమ్మల బేరం చూసే మనిషి, పెరటి మెట్ల మీదుగా ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయేవాడు. ఆయనా ప్రెలూ కలిసి ఆటగాళ్ళ పలకలను దొంగచాటుగా ఇంకో కంపెనీకి అమ్ముతున్నారట. విట్లాక్ ఆ పొద్దునే రస్క్ సంగతి కనిపెట్టాడట, ప్రెల్ చెయ్యి ఉన్నట్టు ఇంకా తెలియదట. గీగన్ ఫొటో మే నెలలో తీశానని చెప్పమన్నదీ రస్కే. లేకపోతే ఆ గదిలో ఉన్నది నువ్వే కాబట్టి చంపిందీ నువ్వేనని చెబుతానని బెదిరించాడట.

అంతా విన్నాక అక్క స్ట్రౌడ్ వైపు తిరిగింది. ఆ సిగరెట్టు బొమ్మ మీ చేతికి ఇచ్చిందెవరని అడిగింది.

"రస్కే. మర్నాడు పొద్దున స్వయంగా తెచ్చిచ్చాడు," అన్నాడు.  "ఇవాళ పొద్దున కూడా వచ్చాడమ్మా. గీగన్ మీద తనకేం పగ లేదన్నాడు. జైలు కూడు తినలేకపోతున్నాడట పాపం, కంపెనీ తరఫున వేడి వేడి మాంసం కూర పట్టుకెళ్ళి పెడతానన్నాడు. లోపలికి పంపమని చీటీ రాసిచ్చాను."

ప్రెల్ తల ఎత్తలేదు. వేళ్ళ మీద మందు మరకలు పోగొట్టుకునే విషం ఒక సీసా ఉండేదనీ, అది కింద తన బల్ల మీద నిన్నటినుంచి కనబడటం లేదనీ, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పాడు.

బయట చర్చి గంట మధ్యాహ్నం కొట్టడం మొదలుపెట్టింది. జైల్లో భోజనాల వేళ. స్ట్రౌడ్ ప్రెల్‌ను కుళాయి గొట్టానికి బేడీ వేసి బిగించాడు. మా కోసం ఆగకుండా, టోపీ కూడా తీసుకోకుండా, తెర వెనక తలుపు తన్ని పెరటి మెట్ల మీద దూకాడు. అక్క గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఆయన వెనకాల, నేను అక్క వెనకాల. మేం చేరేసరికి గీగన్ ఇంకా ఆ కూరలో చెంచా ముంచలేదు, రస్క్ అక్కడే దొరికిపోయాడు.

ఇదంతా మనసులో పెట్టుకో పిల్లా. రేపు నీ చెల్లెళ్ళకు నువ్వే చెప్పాలి. చెప్పేటప్పుడు వేలు, చొక్కా, ఏది ముందు ఏది వెనక అయినా ఫరవాలేదు. పలక పొడైపోయాక, చూడలేదని తప్పించుకునే వీలుండీ స్ట్రౌడ్ ఆల్బనీ అన్నాడు చూడు, అది మాత్రం ఆయన అన్నది అన్నట్టే చెప్పు.